సత్యవతమ్మగారి ఎడమ కన్ను

మొన్న మా అత్తగారికి శుక్లం తీయించాం. పూటపూటా కంట్లో ఆయింట్‌మెంట్ పెట్టమని చెప్పి పంపారు. ట్యూబు నొక్కుతుంటే కొంచెం నా చూపుడువేలికి అంటింది. ఆ జిడ్డు తగలగానే చెయ్యి ఆగిపోయింది. చాలా ఏళ్ళ కిందట, నర్సాపురంలో ఒక పెంకుటింటి వరండాలో, వారం రోజులపాటు ఇదే వేలికి ఇదే జిడ్డు అంటుతూ ఉండేది. "ఏంటమ్మా, పెట్టావా?" అని అత్తగారు కళ్ళు మూసుకునే అడిగారు. పెట్టేశానండీ అన్నాను గాని, ఆ పూటంతా నా మనసు సత్యవతమ్మగారి దగ్గరే ఉంది.

మా నాన్న పోయిన ఏడు నేను ఇంటర్ మధ్యలో ఆపేసి లేసు షెడ్డులో పనికి చేరాను. తొంభైల మధ్య రోజులవి. చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు అరుగుల మీద కూచుని అల్లిన లేసంతా ఆ షెడ్డుకే వచ్చేది. అక్కడ ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, పైదేశాలకు పంపడానికి కట్టలు కట్టేవాళ్ళం. వచ్చిన ప్రతి ముక్కనూ కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి, ఉంచాలో తిప్పి పంపాలో తేల్చే మనిషి సత్యవతమ్మగారు. పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ సన్న అంచు నేత చీరలో ఉండేవారు. మాట తక్కువ. యజమాని ఊళ్ళో ఉన్నా లేకపోయినా షెడ్డు ఆవిడ కనుసన్నల్లోనే నడిచేది. భర్త చిన్న వయసులోనే పోతే, లేసు అల్లి ఒక్కగానొక్క కూతురు పద్మను పెంచి, డిగ్రీ దాకా చదివించుకున్నారు.

షెడ్డు పని మధ్యలో నేనూ అల్లిక నేర్చుకోసాగాను. మొదట అల్లిన బల్లగుడ్డ అంచులో ఒక చోట అల్లిక తప్పింది. ఆవిడ ఏమీ అనలేదు, వేలు పెట్టి చూపించారంతే. నాకు సిగ్గేసి గబగబా మొత్తం విప్పేయబోయాను. నా చెయ్యి పట్టుకుని, "తప్పు ఉన్నచోటి దాకా విప్పు చాలు. బాగున్నదాన్ని ఎందుకు పాడుచేస్తావు?" అన్నారు. మళ్ళీ అల్లడం అయ్యేదాకా నా పక్కనే పీట వేసుకుని కూచున్నారు. ఇంట్లో అందరూ నన్ను చూసి జాలిపడుతున్న రోజులవి. ఆవిడ జాలిపడలేదు. నాకు పని నేర్పారు. నా కాళ్ళ మీద నేను నిలబడగలనని మొదటిసారి అనిపించింది ఆ పీట పక్కనే.

ఆ మరుసటేడు పద్మ పాలకొల్లులో మోటార్లు బాగుచేసే అబ్బాయిని ఇష్టపడి, రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకుంది. కులం వేరు. మెళ్ళో దండతో గుమ్మంలోకి వచ్చిన కూతుర్ని చూసి సత్యవతమ్మగారు తలుపు వేసేసుకున్నారట. మర్నాడు మామూలుగానే పనిలోకి వచ్చారు. ఎవరో పలకరించబోతే, ఆ పేరు ఇక్కడ ఎత్తొద్దన్నారు. ఎవరమూ ఎత్తలేదు. ఆవిడా ఎత్తలేదు.

కొన్ని నెలలకు ఒకరోజు పొద్దున్న ఆవిడ మూతి మీద కొంగు కప్పుకుని వచ్చారు. లేచేసరికి ముఖం ఒక పక్కకి వంకర పోయిందట. నరం దెబ్బతిందని, మెల్లగా అదే సర్దుకుంటుందని డాక్టరు మందులిచ్చారు. మూతి సర్దుకుంది. ఎడమ కన్ను మాత్రం సర్దుకోలేదు. కింది రెప్ప పట్టు తప్పి, వేలాడి, బయటికి తిరగబడిపోయింది. లోపలి ఎర్రదనం ఎప్పుడూ కనబడుతూ ఉండేది. ఆ కన్ను సరిగ్గా మూతపడేది కాదు. నీళ్ళు లోపల నిలవక అదే పనిగా చెంప మీదికి కారేవి. ఆవిడ రుమాలుతో కిందికి తుడుచుకుంటూ, మళ్ళీ లేసు వెలుతురుకు ఎత్తేవారు.

తెలియనివాళ్ళు ఆవిడ ఏడుస్తున్నారనుకునేవాళ్ళు. పేరుపాలెం నుంచి వచ్చే ఒకామె, తన లేసు తిప్పి పంపుతూ ఈవిడ కన్నీళ్ళు పెట్టుకుందనుకుని, పరవాలేదులెండి అమ్మా అని తిరిగి ఓదార్చింది. అందరం నవ్వాం, ఆవిడా నవ్వారు. కానీ వీధిలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు, పందిట్లో ముందు వరసలో కూచున్న ఆవిడ దగ్గరికి పెళ్ళికూతురి మేనత్త వచ్చి, కాస్త వెనక్కి కూచోండి, శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఆ నీళ్ళేమిటి అంది. సత్యవతమ్మగారు లేచి వెనక్కి వెళ్ళలేదు, నేరుగా ఇంటికి వెళ్ళిపోయారు. ఆ తరవాత ఏ పెళ్ళికీ వెళ్ళలేదు.

రెండేళ్ళు అలాగే గడిచాయి. ఒకసారి కన్ను బాగా ఎర్రబడి, కిటికీ వెలుతురు చూడలేకపోయారు. నేనే ఊళ్ళో కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మూతపడక తడి ఆరిపోయి నల్లగుడ్డు మీద చిన్న పుండు మొదలైందని, ఇంకా ఊరుకుంటే చూపు పోతుందని ఆయన చెప్పారు. మందు వేసి పుండు మాన్పించుకుని, వెంటనే రాజమండ్రి వెళ్ళి రెప్పకి ఆపరేషన్ చేయించుకోమన్నారు. ఆవిడ రుమాలుతో తుడుచుకోవడం చూసి, కిందికి లాగకూడదమ్మా, రెప్ప ఇంకా సాగుతుంది, ముక్కు వైపుకి, పైకి అద్దుకోవాలి అన్నారు. ఇంటికి వస్తూ ఆవిడ అన్నది ఆ మాట గురించే. ఇన్నాళ్ళూ నా చేతులతో నేనే సాగదీసుకున్నానన్నమాట, అని.

పుండు మానింది. ఆపరేషన్ మాట ఎత్తితే మాత్రం పండగ వెళ్ళనీ అనేవారు, సరుకు వెళ్ళనీ అనేవారు. కత్తికి భయపడుతున్నారనుకున్నాను. చివరికి యజమానే గట్టిగా చెప్పి, నన్ను తోడిచ్చి రాజమండ్రి పంపారు.

అక్కడ నర్సు కాగితం మీద ఏదో రాసుకుంటూ, నన్ను చూపించి, మీ అమ్మాయా అని అడిగింది. సత్యవతమ్మగారు కొంచెం ఆగి, "కాదండి. మా అమ్మాయి పాలకొల్లులో ఉంటుంది" అన్నారు. అంతకాలంలో ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. నేను తలెత్తలేదు.

లోపలికి పిలిచేదాకా వరండాలో బల్ల మీద కూచున్నాం. భయంగా ఉందా అండీ అని అడిగాను. కన్ను పోతుందని భయం లేదన్నారు. మరి ఎందుకిన్నాళ్ళు వాయిదా వేశారన్నాను. ఆవిడ రుమాలుతో ముక్కు వైపుకి, పైకి అద్దుకున్నారు. తరవాత నెమ్మదిగా, "ఈ కన్ను బాగైపోతే ఎలాగే దుర్గా? ఇన్నాళ్ళూ బజార్లో నడుస్తూనే ఏడ్చేదాన్ని. పని చేసుకుంటూ ఏడ్చేదాన్ని. ఎందుకని ఎవరూ అడిగేవాళ్ళు కాదు" అన్నారు.

రోజూ ఆవిడ పక్కనే కూచున్నదాన్ని. ఆ చెంప మీద కారిన నీళ్ళలో ఏవి రెప్పవో, ఏవి ఆవిడవో నాకూ తెలియలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని కూచున్నాను, అంతే.

మత్తు కంటి వరకే ఇచ్చారు. వదులైపోయిన రెప్పని బయటి కొస దగ్గర కొంచెం కత్తిరించి, బిగించి, పక్కనున్న ఎముక మీది పొరకి కుట్టేశారట. డాక్టరుగారు మాట్లాడుతూనే ఉన్నారని, కత్తెర చప్పుడు వినబడింది గాని నొప్పి తెలియలేదని బయటికి వచ్చాక ఆవిడ చెప్పారు. లేసు అంచు సాగి బయటికి విచ్చుకుంటే మనమూ అంతేగా చేసేది, అని కట్టుతోనే నవ్వారు.

ఆ వారమంతా నేను ఆవిడ ఇంట్లోనే ఉన్నాను. వరండాలో చాప మీద వెల్లకిలా పడుకునేవారు. నేను ఆయింట్‌మెంట్ పెట్టి, జాగ్రత్తగా గాజుగుడ్డ అంటించేదాన్ని. ఎవరి చేతా పని చేయించుకోని మనిషి నాకు ముఖం అప్పగించి కదలకుండా పడుకోవడం కొత్తగా ఉండేది. కుట్లు తీశాక అద్దంలో చూసుకున్నారు. రెప్ప కంటిని అంటుకుని నిలబడింది. కుడి కంటి కన్నా ఆ కన్ను కొంచెం చిన్నదిగా కనబడేది, చివరిదాకా అలాగే ఉంది. అయినా మూతపడేది, నీళ్ళు ఆగిపోయాయి.

మళ్ళీ పనిలోకి వచ్చాక అలవాటు కొద్దీ రుమాలు చెంప దాకా వెళ్ళి, అక్కడ తడి లేక ఆగిపోయేది. ఒక మధ్యాహ్నం పాలకొల్లు నుంచి దారం తెచ్చే మనిషి, సంగతి తెలియక, మీ పద్మకి ఆడపిల్ల పుట్టిందటగా అండీ, సత్రం వీధిలో చూశాను, అచ్చం మీ పోలికే అన్నాడు. సత్యవతమ్మగారు చేతిలో లేసు అలాగే వెలుతురుకు పట్టుకున్నారు. రెండు కళ్ళ నుంచీ నీళ్ళు జారాయి. ఈసారి కంటి జబ్బు అనుకోవడానికి ఎవరికీ వీల్లేకపోయింది. ఆవిడ దాచుకోనూ లేదు. లేసు మడిచి పక్కన పెట్టి, ఆదివారం నాతో పాలకొల్లు వస్తావా అని నన్ను అడిగారు.

పద్మ తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా తల్లి ముఖం కేసే చూస్తూ నిలబడింది. "ఎప్పుడు చేయించుకున్నావు? నాకు ఒక్క మాట చెప్పలేదేం?" అంది. తరవాత మంచినీళ్ళిచ్చింది. కుర్చీలు చూపించింది. పిల్ల ఉయ్యాల్లో నిద్రపోతోంది. కాసేపటికి పద్మే అంది. నర్సాపురం వచ్చినప్పుడల్లా బజార్లో దూరం నుంచి తల్లిని చూసేదట. ఎప్పుడు చూసినా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే కనబడేది. "నా కోసమే ఏడుస్తున్నావనుకున్నానమ్మా. ఎప్పటికైనా పిలుస్తావనుకున్నాను. తరవాత ఎవరో చెప్పారు, అది కంటి జబ్బని. ఇక రావడం మానేశాను."

సత్యవతమ్మగారు చీర కొంగు పట్టుకుని, "జబ్బూ నిజమే పద్మా. ఏడవడమూ నిజమే. నోరు తెరిచి పిలవాల్సింది, పిలవలేకపోయాను" అన్నారు.

పద్మ వచ్చి తల్లిని కావలించుకోలేదు. పిల్లని తెచ్చి ఒళ్ళో పెట్టనూ లేదు. వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడిగింది. భోజనం చేసి వెళ్ళమని నాతో చెప్పింది, తల్లితో కాదు. బస్సులో తిరిగి వస్తున్నప్పుడు సత్యవతమ్మగారు, నోటితో చెప్పాల్సినదాన్ని కంటికి వదిలేశానే అన్నారు. అది నాకు చెప్పిన మాటో, తనకు తాను చెప్పుకున్నదో ఇప్పటికీ తెలియదు.

వాళ్ళ మధ్య రాకపోకలు మెల్లమెల్లగా మొదలయ్యాయి. ముందు వాళ్ళని కలిపింది పిల్లే, అల్లుడు మాత్రం చాలాకాలం దూరంగానే ఉన్నాడు. నేను పెళ్ళై రాజమండ్రి వచ్చేశాక ఆవిడ కిటికీ పక్క పీట మరొకామెకి అప్పగించి, పాలకొల్లులో కూతురింటి దగ్గరే చిన్న వాటా తీసుకున్నారు. అక్కడే పోయారు. చివరి రోజుల్లో నేను చూడ్డానికి వెళ్తే, పద్మ మంచం మీద కూచుని తల్లి తల దువ్వుతోంది.

ఎవరి కళ్ళలోనైనా నీళ్ళు కనబడితే కారణం నాకు తెలిసిపోయిందని ఆ తరవాత నేనెప్పుడూ అనుకోలేదు, అడుగుతాను. నాకు లోపల ఏముందో కూడా పైకి అనేయడం నేర్చుకున్నాను, సులువుగా ఏమీ రాలేదు. మా అమ్మాయి పోయినేడు బ్యాంకు ఉద్యోగం వదిలేసి, స్నేహితురాలితో కలిసి కాకినాడలో బట్టల కొట్టు పెట్టింది. నేను వద్దన్నాను. నా మాట వినలేదు. కొన్నాళ్ళు ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ మౌనం ఎక్కడిదాకా వెళ్తుందో నేను చూసినదాన్ని కదా. ఫోన్ తీసి, అది హలో అనేలోపే చెప్పేశాను.

"నాకింకా కోపంగానే ఉంది. ఆదివారం మాత్రం రా."