నన్ను స్టాఫ్ చేశారు

ఇస్నాపూర్‌లో నా గురించి ఒక మాట చాలాకాలంగా తిరుగుతోంది. కంపెనీ దగ్గర కవరు పుచ్చుకుని తోటి కార్మికుల నోట్లో మట్టి కొట్టానని. మట్టి కొట్టిన మాట నిజం. కవరు మాత్రం అబద్ధం. నిజంగా ఏం జరిగిందో రాసిపెట్టాలనిపించింది.

పటాన్‌చెరు దగ్గర టానిక్ సీసాలకు ప్లాస్టిక్ మూతలు చేసే కంపెనీలో నేను మెషిన్ ఆపరేటర్‌ని. పక్క మెషిన్ మీద పనిచేసే ముస్లిం మిత్రుణ్ని భాయ్ అని పిలిచేవాణ్ని. ఇస్నాపూర్‌లో మావి పక్కపక్క కిరాయి గదులు. అప్పట్లో మాకు గంటల లెక్కన కూలి. సైరన్ మోగితే ఎక్కడి పని అక్కడ వదిలేసి, పంచ్ కొట్టి బయటపడేవాళ్లం. ఆ తరువాత కాసేపు నిలబడమన్నా ఓటీ, అంటే అదనపు గంటల కూలి, రాయాల్సిందే. రాయకపోతే అందరి తరఫునా వెళ్లి అడిగే నోరు నాది. కూలి ఒప్పందం మళ్లీ రాసుకునే సమయం దగ్గరపడింది. ఈసారి గేటు మీటింగులో నేనే మాట్లాడాలని అందరూ అనుకున్నారు.

సరిగ్గా అప్పుడే మేనేజర్ పిలిచి, నన్ను లైన్ ఇన్‌ఛార్జిని చేస్తున్నామన్నాడు. ఇకనుంచి నేను స్టాఫ్. నెల జీతం, తెల్ల చొక్కా, క్యాంటీన్‌లో వేరే బల్ల.

భాయ్‌కి చెబితే ఆయన నవ్వలేదు.

"సోంచాయించుకో అన్నా. ఒప్పందం ముందల ఎవని నోరు పెద్దగుంటే వాన్నే స్టాఫ్ చేస్తరు. పోయినసారి గూడ గట్లనే చేసిండ్రు."

"అంటే నాకు పని రాదంటవా?"

"పని నాకు గూడ వస్తది. మరి నన్నెందుకు చేయలే?"

కుళ్లుకుంటున్నాడనుకున్నాను. మా ఆవిడ లక్డారంలోని పుట్టింటికి ఫోన్ చేసి "ఇగ మా ఆయనది నెల జీతం" అని చెబుతుంటే పక్కన కూర్చుని విన్నాను. కూలి అనే మాట మా ఇంట్లోంచి పోయిందని ఆమె సంతోషం. నాదీ అంతే.

స్టాఫ్‌కి లోపలికి వచ్చేటప్పుడే పంచ్. వెళ్లేటప్పుడు లేదు. మొదట్లో అదొక మర్యాద అనుకున్నాను. ఎప్పుడు వెళ్తున్నామో ఎక్కడా నమోదు కాదు కాబట్టి ఎంతసేపు ఉంచుకున్నా అడిగే దిక్కు లేదని అర్థం కావడానికి కొన్నాళ్లు పట్టింది. సైరన్ మోగేది, ఆపరేటర్లు వెళ్లేవారు, నేను ఉండిపోయేవాణ్ని. మెషిన్‌లో మూతల అచ్చు మార్చాలి, లారీ పంపాలి. ఆదివారం అన్నం ముందు కూర్చుంటే ఫోన్. ఓటీ కలుపుకుంటే నా కింద పనిచేసేవాళ్లకే నాకన్నా ఎక్కువ వచ్చేది. ఒకసారి మేనేజర్‌ని అడిగాను.

"స్టాఫ్ అయ్యుండి గంటలు లెక్కపెట్టుకుంటావా?" అని నవ్వాడు.

పరాయివాళ్ల గంటల కోసం గొంతు చించుకున్నవాణ్ని, నా గంటల దగ్గరికి వచ్చేసరికి సిగ్గుపడి వెనక్కి వచ్చేశాను.

"మెషిన్ పనే మంచిగుండె. పొద్దు గూకంగనే ఇంటికొస్తుంటివి. ఇప్పుడు నువ్వు మా ఇంటికి సుట్టానివైనవ్" అంది మా ఆవిడ.

ఒప్పందం మాటలు చెడిపోయాయి. ఒకరోజు పొద్దున షిఫ్టంతా గేటు బయట కూర్చుంది. నేను మాట్లాడాల్సిన చోట భాయ్ లేచి మాట్లాడాడు. కార్మికులు కూర్చుంటే స్టాఫ్ మెషిన్లు నడపడం మా దగ్గర ఆనవాయితీ. మిగతా స్టాఫ్‌కి మెషిన్ల పేర్లు తప్ప ఏమీ తెలియదు. తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

మేనేజర్ బతిమాలలేదు, బెదిరించలేదు, డబ్బు మాటే ఎత్తలేదు. "లైన్ ఆన్ చెయ్" అన్నాడు, రోజూ చెప్పినట్టే. ఇది నా పని కాదు అనడానికి నాకు మాట దొరకలేదు. నెలకు నెల మొత్తం అమ్ముకున్నాక అందులో ఏ గంట నాదని చెప్పను? ఆన్ చేశాను. భాయ్ మెషిన్ కూడా నేనే నడిపాను. ఆ చప్పుడు గేటు బయటికి వినిపిస్తూనే ఉంది. మూతల లారీ వాళ్ల ముందు నుంచే వెళ్లింది. చివరికి కార్మికులే తగ్గి, కంపెనీ చెప్పినదానికి సంతకాలు పెట్టి లోపలికి వచ్చారు. భాయ్‌ని మాత్రం మళ్లీ తీసుకోలేదు.

ఇప్పుడాయన ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. మొన్న హైవే పక్కన టీ కొట్టు దగ్గర కనిపిస్తే, ధైర్యం చేసి నేనూ ఒక టీ చెప్పి ఎదురుగా నిలబడ్డాను.

"భాయ్, నేనైతే ఒక్క పైస ముట్టలే. మా పిల్లల మీద ఒట్టు."

ఆయన గ్లాసు దించి నా మొహంలోకి చూశాడు.

"నిజమా?"

"నిజం."

"నేనేమనుకున్న ఎరుకనా? ఇంట్ల ఏదో పరేషాన్ ఉండి తీసుకున్నడు పాపం అనుకున్న. మా ఇంటామె తిడుతుంటే ఊకోమన్న. మనసుల మాఫ్ గూడ చేసిన. మరి ఉత్తగనే నడిపినవా?"

ఆయన మిగిలిన టీ పారబోసి, ఆటో స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. జేబులో చెయ్యి పెట్టబోతుంటే, నా టీకి కూడా ఆయనే డబ్బులిచ్చి వెళ్లాడని కొట్టతను చెప్పాడు.