మార్సెల్లా చూసి కొన్న బండి

కార్ల కార్ఖానాల ఊరు హామ్‌ట్రామిక్ నడిబజారులో పచ్చ దీపం వెలగగానే లెన్ గోర్స్కీ యాక్సిలరేటర్ పెడలు గట్టిగా తొక్కాడు. ఎర్ర కారు ముందుకు దూకింది. పక్కన అతని భార్య మార్సెల్లా కూర్చున్న సీటు మాత్రం దానితో పాటు దూకలేదు. సీటును పట్టి ఉంచిన బోల్టులు తుప్పు పట్టిన నేల రేకును చీల్చుకుని ఊడి వచ్చాయి. సీటు వెనక్కి తిరగబడింది. ఆమె కాళ్ళు పైకి, కళ్ళు కారు కప్పుకి. ఒళ్ళోని పెట్టె బోర్లాపడి, జామ్ కూరి నూనెలో వేయించిన పొంచ్కీ బన్నులు ఆమె కోటు మీద చిదికిపోయాయి. చర్చి ఉపవాసాలు మొదలయ్యే ముందు రోజు అందరూ ఆ బన్నులే తింటారు కాబట్టి బేకరీ ముందు ఊరంతా వరసలో నిలబడి ఉంది. ఊరంతా నవ్వింది.

ఆ బండి లెన్ ముచ్చటపడి అంతకు నెల ముందే కొన్నది. వాళ్ళ ప్రాంతంలో మజిల్ కార్లంటే మగవాళ్ళకు పిచ్చి. మామూలు రెండు తలుపుల బండిలో లారీకి సరిపోయే ఇంజన్ దించితే అది ఎలా ఉరుముతుందో అక్కడి పసిపిల్లలకు కూడా తెలుసు. లెన్ చూసింది రంగు, విన్నది ఆ ఉరుము. కిందికి వంగి చూడలేదు. శీతాకాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే, ఆ ఉప్పు ఇనుమును తినేసే ఊళ్ళో, పాతికేళ్ళ బండి కిందికి వంగి చూడకుండా కొన్నాడు. పైన పటారం, లోన లొటారం. చివరికి దాన్ని పాత ఇనుము కింద తోలేశారు.

సీటు ఊడిన ఆ సాయంత్రం కోటు మీది జామ్ మరకలు రుద్దుతూ మార్సెల్లా అంది: "ఈసారి బండి నేను కొంటాను."

లెన్ పత్రికలోంచి తల ఎత్తలేదు. "ఏ బండి?"

"అలాంటిదే. ఎనిమిది సిలిండర్లది. చేతి గేర్లది. నేనే చూస్తాను, నేనే కొంటాను, నేనే నడుపుతాను."

"నీకేం తెలుసే మార్సీ, బండ్ల గురించి?"

"నీకు తెలిసినంత తెలుసు. అంటే ఏమీ తెలీదు. కాకపోతే నేను నేర్చుకుంటా."

మార్సెల్లాకు అప్పటికి యాభై ఆరేళ్ళు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక కార్ఖానాలో కారు సీట్ల కవర్లు కుట్టింది. ఆమె కుట్టిన సీట్ల మీద ఎవరెవరో కూర్చుని దేశమంతా తిరిగారు. తను మాత్రం పెళ్ళికి ముందు నాన్న పక్కన, పెళ్ళయ్యాక లెన్ పక్కన, ఎప్పుడూ కుడివైపే, స్టీరింగు లేని వైపే. పదహారేళ్ళప్పుడు శనివారం సాయంత్రాలు వుడ్‌వర్డ్ రోడ్డు గట్టున స్నేహితురాళ్ళతో నిలబడి, పందెం వేసుకుని దూసుకుపోయే బండ్లను చూసేది. మిగతా పిల్లలు నడిపేవాళ్ళను చూసేవాళ్ళు. ఆమె బండ్లను చూసేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు, లెన్‌తో కూడా.

మర్నాడు ఆమె కోనంట్ వీధిలో ఓథా రేఫర్డ్ షెడ్డుకు వెళ్ళింది. రేఫర్డ్ నల్లజాతి పెద్దాయన. నలభై ఏళ్ళుగా ఆ వీధి బండ్లన్నీ ఆయన చేతి మీదుగానే నడిచాయి.

"కొనే ముందు నా దగ్గరికి తోలుకురండి మిస్ మార్సెల్లా, నేను చూసి చెప్తా. అంతే కదా," అన్నాడాయన.

"మీరు చూస్తే మీకు తెలుస్తుంది, మిస్టర్ రేఫర్డ్. నాకు తెలియాలి."

ఆయన ఆమె వంక, ఆమె ఇస్త్రీ చొక్కా వంక చూశాడు. తర్వాత మూలనున్న పెద్ద అట్ట ముక్క తీసి నేల మీద పరిచాడు. "అయితే పడుకోండి."

ఆ రోజు నుంచి ఆమె శనివారాలన్నీ ఆ అట్ట మీదే గడిచాయి. పై నుంచి మట్టి, తుప్పు పొట్టు రాలి కళ్ళలో పడేవి. స్క్రూడ్రైవర్ పిడితో రేకు మీద కొట్టి వినడం నేర్చుకుంది. గట్టి రేకు ఖణేల్‌మంటుంది, కుళ్ళిన రేకు మెత్తగా పలుకుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మొదటిసారి స్టార్టు చేయించాలని, వేడెక్కిన ఇంజన్ తన రోగాలన్నీ దాచుకుంటుందని తెలుసుకుంది. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతున్నట్టు. తెల్ల పొగ విడవకుండా వస్తూంటే నీళ్ళు లోపలికి దిగుతున్నట్టు. టైరు లోపలి అంచు ఒక్కటే అరిగితే బండి ఎక్కడో వంకర తిరిగినట్టు. ఇంజన్ మీద, చాసిస్ మీద ఉన్న నంబర్లు కాగితాల్లో ఉన్నవేనా కాదా అని ఒక్కొక్క అంకె వేలు పెట్టి చదవడం అలవాటు చేసుకుంది. సాయంత్రాలు షెడ్డులోని బండ్ల మీద చేతి గేర్లు మార్చుతూ నడపడం కూడా నేర్చుకుంది.

"ఇలాంటి బండి కొన్నవాడెవడూ మెల్లగా నడపడానికి కొనడు," అనేవాడు రేఫర్డ్. "ఎవడో ఒకడు దాన్ని చావగొట్టే ఉంటాడు. ఎంత కొట్టాడు, ఆ తర్వాత కట్టు కట్టాడా లేదా, మనం చూడాల్సింది అదే."

మాంసం మానే ఉపవాసాల శుక్రవారాల్లో చర్చి హాల్లో పెట్టే చేపల భోజనాల దగ్గర లెన్ మిత్రులకు ఈ సంగతి తెలిసింది. "ఏం లెన్, మీ ఆవిడ గోళ్ళ రంగు నల్లగా మారిందట!" అని ఒకడు, "సీటుకు బెల్టు కట్టించుకుందా, తాడు కట్టించుకుందా?" అని ఇంకొకడు. లెన్ నవ్వి ఊరుకునేవాడు. మార్సెల్లా తన పళ్ళెం ఖాళీ చేసి, వాళ్ళలో ఎవరి బండి చప్పుడు చేస్తోందో ఆ బండికి ఏం రోగమో చెప్పి వెళ్ళిపోయేది.

వేసవిలో వెతుకులాట మొదలైంది. వారెన్‌లో డ్వేన్ అనే అతను పసుపు బండి అమ్ముతున్నట్టు పత్రికలో వేశాడు. ఆమె వెళ్ళేసరికి బండి వాకిట్లో ధగధగలాడుతోంది. ఆమె పలకరింపు కంటే ముందు బానెట్ మీద అరచేయి పెట్టింది. కాలింది.

"ఇప్పుడే నడిపారా?"

"అవునమ్మా, మీరొస్తున్నారని కాస్త వేడి చేసి పెట్టా. కాఫీ లాగా!"

"చల్లారాక వస్తాను. రేపు పొద్దున."

"రేపటికి ఉంటుందనుకోకండి. ఇద్దరు ముగ్గురు వెంటపడుతున్నారు. అయినా మీవారేరి? మగవాళ్ళెవరైనా వస్తే మాట్లాడుకుంటాం కదా."

ఆమె జేబులోంచి మెత్తటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం తీసింది. తలుపు మీద పెడితే అతుక్కుంది. వెనక చక్రం పైన పెడితే జారి ఆమె చేతిలోనే పడింది. ఇంకొంచెం వెనక పెట్టింది, మళ్ళీ జారింది. అక్కడ ఇనుము లేదు. పుట్టీ ఉంది, దాని మీద అందమైన పసుపు రంగు ఉంది.

"మావారు వచ్చుంటే కొనేసేవారు బాబూ," అంది మార్సెల్లా. "అందుకే తీసుకురాలేదు."

ఆ తర్వాత చూసిన ఆకుపచ్చ బండి మాత్రం ఆమెను చాలా ఏడిపించింది. ఊరికి దూరంగా సరస్సు పక్కన పెద్ద ఇంట్లో గ్యారెట్ లండ్ అనే ఆయన దగ్గర ఉందది. చిక్కటి ఆకుపచ్చ, నల్ల సీట్లు. సీట్ల కుట్టు చూడగానే ఆమె వేళ్ళు వాటంతటవే దాని వెంట నడిచాయి. అది తమ కార్ఖానా కుట్టు. ఎవరికి తెలుసు, తన చేతి కుట్టే కావచ్చు.

ఇంజన్ చల్లగా ఉంది. తాళం తిప్పగానే దగ్గు లేకుండా లేచింది. పొగ లేదు. అయస్కాంతం ఎక్కడ పెట్టినా అతుక్కుంది. ఖాళీ రోడ్డు మీద ఆమె స్వయంగా నడిపింది. నాలుగో గేర్లో మెల్లగా పోనిచ్చి హఠాత్తుగా పెడలు తొక్కింది. అరిగిన క్లచ్ అయితే అక్కడ జారేది, ఇది జారలేదు. ఆ ఊపుకు వీపు సీటుకు అంటుకుపోయింది. ఆమె గొంతులోంచి ఆమెకే తెలియని నవ్వు వచ్చింది. ఈసారి వెంట వచ్చి పక్కన కూర్చున్న లెన్ ఆ నవ్వు విని తిరిగి చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఆ నవ్వు వినలేదు.

తిరిగి వచ్చాక మార్సెల్లా అడిగింది: "దీన్ని మా మెకానిక్ షెడ్డులో పైకెత్తి కింద చూడాలండి. సిలిండర్ల ఒత్తిడి కూడా కొలవాలి. మీరు వెంట రండి, ఖర్చు నాది."

"అది కుదరదు," అన్నాడు లండ్. "నా బండి ఎవడి షెడ్డుకీ వెళ్ళదు. ఉన్నది ఉన్నట్టు. ఇష్టమైతే తీసుకోండి."

"పోనీ ఆయన్నే ఇక్కడికి తీసుకొస్తాను."

"మీరు చూశారు, నడిపారు. ఇంకేం కావాలి? నేను దొంగలా కనిపిస్తున్నానా?"

లెన్ ఆమెను పక్కకు లాగాడు. "కొనేసెయ్ మార్సీ! ఇంతకంటే మంచిది దొరకదు. ఆయన పెద్దమనిషిలా ఉన్నాడు. రేపు ఇంకొకడు తోలుకుపోతాడు."

"పోనీ."

"నీకు నచ్చిందా లేదా?"

"ప్రాణం లేచొచ్చింది. అందుకే భయం."

ఆమె లండ్‌కు మర్యాదగా దండం పెట్టినంత పనిచేసి వచ్చి, ఇంటి అవసరాలకు వాడే తమ పాత కారులో కూర్చుంది. మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు. తిరిగాక ఏడ్చింది. లెన్ రేడియో పెట్టాడు, వెంటనే ఆపేశాడు. వారంలో ఆ బండి ఎవరో కొనుక్కుపోయారని తెలిసింది. దాని కింద ఏముందో, అసలు ఏ లోపమైనా ఉందో లేదో, వాళ్ళకు ఎప్పటికీ తెలియలేదు. లెన్ రెండు మూడుసార్లు "బంగారంలాంటి బండి" అని నసిగాడు. మూడోసారి మార్సెల్లా అంది: "కావచ్చు. చూడనివ్వలేదు కాబట్టి మనకు అది బండి కాదు, బొమ్మ. ఇంక ఆ మాట ఎత్తకు."

ఆకులు రాలే కాలంలో ఇమ్లే సిటీ నుంచి, అమ్మడానికి బండి ఉందని ఫోను వచ్చింది. నోరీన్ హేల్ అనే నలభై ఏళ్ళ ఆవిడ, క్యారెట్ పొలాల మధ్య ఉన్న ఇల్లు. బండి గోధుమరంగుది, చూడటానికి ఎండిన బురదలా ఉంది. నోరీన్ కుంటుతూ వచ్చి, వస్తూనే మొదలుపెట్టింది.

"రెండో గేరు గీరుకుంటుంది. ఎడమ తలుపులోంచి వాన కారుతుంది. గడియారం పని చెయ్యదు. పదేళ్ళు దీంతో పందాల మైదానంలో పరిగెత్తా. ఇంజన్ ఒకసారి పూర్తిగా విప్పి కట్టించా. నా మోకాలు పోయింది, ఈ క్లచ్ తొక్కాలంటే ఏనుగు కాలు కావాలి. ఇంకేం అడుగుతావో అడుగక్కా."

"ఏమీ అడగను. చూస్తాను," అంది మార్సెల్లా, అట్ట ముక్క దించుతూ.

చాలాసేపు చూసింది. నోరీన్ మెట్ల మీద కూర్చుని రెండు కాఫీలు తాగింది. నేల రేకు ఖణేల్‌మంది. నంబర్లు కలిశాయి. వెనక టైర్ల అరుగుదల సమానంగా ఉంది. చివరికి డిక్కీలో పరిచిన మందపాటి చాప ఎత్తితే, ఎడమ మూలన రేకు అడుగున సన్నటి ముడత, దాని పక్కన పాత వెల్డింగ్ గీత కనిపించాయి.

"దీనికి వెనక నుంచి దెబ్బ తగిలింది," అంది.

నోరీన్ ముఖం ఎర్రబడింది. "తగల్లేదు! అన్నీ ముందే చెప్పానా లేదా? నేను దాచానంటావా?"

"నువ్వు దాచావని నేననలేదు చెల్లీ. వచ్చి చూడు."

నోరీన్ కుంటుతూ వచ్చి వంగింది. వేలితో ఆ గీతను తడిమింది. "నాకు అమ్మినవాడు కొత్తపెళ్ళికూతురని చెప్పాడు దీన్ని," అంది. "ఈ ముడత మీద కూర్చుని పదేళ్ళు ప్రాణాలకు తెగించి పరిగెత్తానన్న మాట." తర్వాత తనే తాళం చెవి చేతికిచ్చింది. "తీసుకెళ్ళి ఎవరికి చూపించుకుంటావో చూపించుకో. నిజమేంటో నాకూ చెప్పు. నాకు తెలియాలి."

మార్సెల్లా ఆ తాళం చెవి అందుకుని నేరుగా డ్రైవరు సీట్లో కూర్చుంది.

రేఫర్డ్ షెడ్డులో బండిని పైకెత్తారు. నోరీన్ కూడా వచ్చింది. ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపు పట్టి కొలిచారు, రెండో వైపూ కొలిచారు. తేడా లేదు, అంటే చాసిస్ వంగలేదు. ఎవడో గానీ ఆ దెబ్బను శ్రద్ధగా సరిచేశాడు. సిలిండర్లన్నిటిలోనూ ఒత్తిడి బాగుంది. రేఫర్డ్ చేతులు తుడుచుకుంటూ, "ఏమంటారు?" అన్నాడు.

"మీరేమంటారు?" అంది ఆమె అలవాటుగా. వెంటనే తల అడ్డంగా ఊపింది. "లేదు, లేదు. నేనే చెప్తా. వెల్డింగ్ గట్టిది. గేరు మనం బాగు చేసుకోవచ్చు. తలుపు రబ్బరు కొత్తది వేస్తే వాన ఆగుతుంది. రంగు దరిద్రంగా ఉంది, కానీ అది ఇనుము మీద ఉన్న రంగు. ఇది కొంటున్నా."

క్లచ్ నిజంగానే బరువు. కానీ ముప్ఫై ఏళ్ళు కుట్టు మిషను పెడలు తొక్కిన కాలు ఆమెది. షెడ్డు బయట మొదటిసారి తొక్కినప్పుడు నోరీన్ అసూయగా ఆ మోకాలి వంక చూసి, "అమ్ముతావా?" అంది. ముగ్గురూ నవ్వారు.

చలికాలంలో గేరుబాక్సు దించారు. రెండో గేరులో అరిగిన రింగు మార్చడానికి మూడు వారాంతాలు పట్టింది. ఒకసారి తప్పుగా బిగించి మళ్ళీ మొదటి నుంచి విప్పారు. లెన్ థర్మాస్‌లో సూపు తెచ్చి ఇచ్చేవాడు. మొదట్లో గుమ్మంలో నిలబడేవాడు. తర్వాత లైటు పట్టుకోవడం మొదలుపెట్టాడు. "కొంచెం ఎడమకి లెన్... నీ ఎడమ కాదు, నా ఎడమ!" అని అరిచేది కింది నుంచి మార్సెల్లా.

మంచు కరిగి, వానలు రోడ్ల మీది ఉప్పును కడిగేశాక, ఆదివారం పూజ ముగించుకుని వాళ్ళిద్దరూ ఉత్తరంగా హ్యూరాన్ సరస్సు గట్టు వెంట బయల్దేరారు. రొట్టె, సాసేజీ కట్టుకున్నారు. లెన్ దారి పొడుగునా పటం చదువుతానన్నాడు. అంత ఇంజన్ ఉరుములోనూ పోర్ట్ హ్యూరాన్ దాటకముందే నిద్రపోయాడు.

రోడ్డు తిన్నగా ఉంది, ముందు ఎవరూ లేరు. మార్సెల్లా క్లచ్ నొక్కి మూడో గేరుకు దించింది. యాక్సిలరేటర్ నేలకంటా తొక్కింది. బండి ముందుకు దూకింది, ఈసారి సీట్లు కూడా దానితో పాటే దూకాయి.

లెన్ ఉలిక్కిపడి లేచాడు. "ఏమైంది? ఏమైంది?"

"ఏం కాలేదు," అంది ఆమె, కళ్ళు రోడ్డు మీంచి తీయకుండా. "పడుకో."