టీచరుగారు పిండిన మురికినీళ్ళు

మా పక్కింటి సైన్సు టీచరుగారిని గిలకలదిండి రోడ్డులో ఐసు లారీ గుద్ది చంపేసింది. వార్త వినగానే నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. బందరంతా వినపడేలా ఆ డ్రైవర్ని తిట్టాలనిపించింది.

ఉద్యోగం నుంచి రిటైరయ్యారు గానీ ఆవిడ కోపం రిటైరవలేదు. తలుపు తట్టడం తెలియదు, తోసుకుని వచ్చేసేవారు. నేనీవేళ బతికున్నానంటే ఆ అలవాటు వల్లే.

మా ఆయనది కోడూరు, రొయ్యల చెరువుల కుటుంబం. హాల్లోకి చేపల తొట్టి కొన్నాడు. చెరువుకి కొట్టినట్టే దానికీ బ్లీచింగు కొట్టి, ఫిల్టరు స్పాంజి తెల్లగా తోమి, అదే పూట చేపల్ని వదిలాడు. అవి చచ్చి తేలాయి. మళ్ళీ తోమడం, మళ్ళీ కొనడం, మళ్ళీ చావడం. మేత వేసేది నేను కాబట్టి నా చెయ్యి మంచిది కాదని కొట్టేవాడు. ఓసారి జుట్టు పట్టుకుని తల గోడకేసి బాదాడు. నెత్తురు కళ్ళలోకి కారింది.

ఆ చప్పుడుకి టీచరుగారు వచ్చి, చేతిలో గొడుగుతో అతని మోచేతి మీద ఒక్కటిచ్చారు.

"చేపల్ని చంపుతోంది ఇదా, నువ్వా? వాటి మలంలోంచి విషం పుడుతుందిరా. దాన్ని తినేసే బాక్టీరియా స్పాంజిలో పెరగాలి. పెరగనిస్తేగా! కడిగి కడిగి చంపుతున్నావు."

నా నుదుటికి పసుపు అద్ది, తన ఇంటి తొట్టిలోని జిగురు పట్టిన స్పాంజి తెచ్చి మా నీళ్ళలో పిండారు. నీళ్ళు మురికిగా మారాయి.

"ఒక్క చేపనే వెయ్యి. చిటికెడు మేత చాలు. నెల్లాళ్ళు స్పాంజి కడగకు. ఈ పిల్ల జోలికి మాత్రం ఎప్పటికీ వెళ్ళకు."

రోజూ వచ్చేవారు. ముందు తొట్టి చూసేవారు, తర్వాత నా చేతులు తిప్పి తిప్పి చూసేవారు. నన్ను కన్నవాళ్ళు కూడా అంతగా చూడలేదండీ. చేప బతికింది. మా ఆయన మాత్రం మళ్ళీ చెయ్యెత్తాడు. ఆ రోజే ఆవిడ నన్ను స్కూటీ ఎక్కించుకుని పోలీసుస్టేషనుకి తీసుకెళ్ళారు. అతను కోడూరు వెళ్ళిపోయాడు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మా వీధి తొక్కలేదు.

శవం లేచిన పూటే వచ్చాడు. గుమ్మానికి అడ్డంగా నిలబడి, నా మణికట్టు మెలిపెట్టి నవ్వాడు.

"ఇప్పుడెవరొస్తారే?"

గొంతు చించుకుని అరిచాను. టీచరుగారిని సాగనంపి వచ్చి తలమీద నీళ్ళు పోసుకుంటున్న ఆడవాళ్ళు, జుట్టు కూడా పిండుకోకుండా, ఒక్కొక్కరే వచ్చి అతని వెనక దారి మూసి నిలబడ్డారు.