ఊదా చుక్కల మాస్టారు

కనిపించిన ప్రతిదాని మీదా ఓ ఊదా చుక్క వేసి చూడందే అబుండియో మాస్టారికి ముద్ద దిగదు. పెరూలోని అయకూచో ఊళ్లో ఆయన చుక్క పడని వస్తువు లేదు. ఊదా మొక్కజొన్న ఉడికించిన నీళ్లు చిన్న సీసాలో పోసుకుని జేబులో పెట్టుకు తిరిగేవారు. చుక్క ఎర్రబడితే ఆమ్లం, పచ్చబడితే క్షారం. "రంగు అబద్ధం చెప్పదర్రా!" అనేవారు పిల్లలతో.

హెడ్మిస్ట్రెస్ కాసిల్దా పుట్టినరోజు కేకు మీద వేస్తే పచ్చబడింది.

"సోడా ఎక్కువైంది మేడమ్."

"అది మా అత్తగారు చేసింది!"

"అయితే ఆవిడకే చెప్పండి."

చర్చిలో ద్రాక్షారసం మీద వెయ్యబోతే ఫాదర్ చెయ్యి పట్టుకున్నారు. "దేవుడికే పరీక్షా?"

"దేవుడికి కాదు ఫాదర్, అమ్మిన కొట్టువాడికి."

బోర్డు మీద రాస్తే సుద్ద వస్తుంది గానీ చదువు రాదని ఆయన నమ్మకం. పిల్లలు ఇంటినుంచి నిమ్మకాయ, సబ్బు, పొయ్యి బూడిద తెచ్చేవారు. ఊదా నీళ్లు మాత్రం బడి గేటు దగ్గర బండి మీద ఊదా మొక్కజొన్న పానకం, చిచా, అమ్మే ఒర్తెన్సియా కుండలోవే కావాలి, అదీ ఆవిడ నిమ్మరసం పిండకముందు. ఒర్తెన్సియా కూతురు నియెవెస్ మాస్టారి క్లాసే. "మీ అమ్మ కుండ మళ్లీ పరీక్ష రాస్తోందే!" అని పిల్లలు ఏడిపిస్తే ఆ పిల్ల తల దించుకునేది.

ఇంతలో ఇన్‌స్పెక్టరు వస్తున్నాడన్నారు. "గేటు దగ్గర ఆ బండి ఉండకూడదు," అంది కాసిల్దా. బండి పోతే నియెవెస్ చదువూ పోయినట్టే. లిమాలో ఎవరింట్లోనో అంట్లు తోమడానికి పంపాలని తల్లి అప్పుడే మూట కట్టడం మొదలెట్టింది.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. "ప్రయోగశాల ఏదండీ?"

మాస్టారు తిన్నగా గేటు దగ్గర ఒర్తెన్సియా బండి దగ్గరికి తీసుకెళ్లారు. "ఇదే."

"పైకప్పేది?"

"గాలి ఆడాలి కదండీ!"

కాసిల్దా మొహం కేకు కంటే పచ్చబడింది. ఇన్‌స్పెక్టరు నిమ్మకాయ పిండి చూశాడు, బూడిద కలిపి చూశాడు, తన కడుపుమంట మాత్ర మీద తనే చుక్క వేసుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు. రెండు గ్లాసుల చిచా తాగి, "ప్రయోగశాల బాగుంది, కదపొద్దు," అని రాసి వెళ్లాడు.

మర్నాడు మాస్టారు గరాటు తెమ్మంటే నియెవెస్ బీరువా తెరిచింది. లోపల లిట్మస్ కాగితాల డబ్బాలు, పైదాకా.

"మాస్టారూ! ఇన్ని ఉన్నాయే!"

"పాడైపోయాయి. ముయ్యి."

"సీలు కూడా తియ్యలేదు కదండీ?"

"అందుకే పాడైపోయాయి."

నియెవెస్ బీరువా మూసింది. ఈసారి తల దించుకోలేదు.

"రంగు అబద్ధం చెప్పదు మాస్టారూ. మీరు చెబుతారు."

"గరాటు తెమ్మంటే కబుర్లు తెస్తావేం? పో, మీ అమ్మనడిగి సీసా నింపుకురా!"