కాజీపేట దాకా ఐసుగడ్డ

ఎనభైల్లో ఒక ఎండాకాలం, సెలవు ముగిశాక, మంచుకొండల్లో కాపలా కాసే జవానునైన నేను వరంగల్‌లో ఢిల్లీ రైలెక్కాను. ఎదుటి సీటాయన సైన్యం ఖర్చుల లెక్కలు చూసే ఆఫీసరని మాటల్లో తెలిసింది. నాకు ఒళ్లు మండింది.

"డేరాలల్ల ఉండే మాకు మార్చిల లారీ నిండ గోడలకేసే సున్నం పంపిండ్రు సారూ. మంచు పడ్డంక గూడ చేతులకు తొడుగులు రాలే. దవాఖానల నా దోస్తు వేళ్లు తీసేసిండ్రు. మళ్ల నేను గాడికే పోతాన."



"మార్చి దాటితే మిగిలిన పైసలు వాపస్ పోతయి తమ్మీ. అందుకే ఏది దొరికితే అది కొంటరు" అన్నాడాయన మెల్లగా. "రెండు మూడేండ్లకు ఒక్కసారే ప్లాన్ జేసుకోనియ్యాలని రాసిన. పెద్దసార్లు ఒప్పుకుంటలేరు."

"చలి ఎట్లుంటదో మీకు ఎర్కేనా?" అని అరిచాను.

ఆయన, అటుగా వచ్చిన సోడాలమ్మే అతని బకెట్లోంచి ఐసుగడ్డ తీసుకుని గుప్పిట బిగించాడు. నీళ్లు ఇస్త్రీ ప్యాంటు మీద కారుతున్నాయి.

"ఇగ చాలు సారూ, పారెయ్యుండ్రి" అని నేనన్నా వినలేదు.

కాజీపేటలో చెయ్యి తెరిచి, ఏదో రాసుకోవాలని జేబులోంచి పెన్ను తీయబోయాడు. వేళ్లు వంగలేదు. పెన్ను కింద పడింది. నేనే తీసి ఆయన జేబులో పెట్టాను.

ఆ ఏడు కూడా తొడుగులు మంచు పడ్డాకే వచ్చాయి. కానీ మూట విప్పి చూస్తే, మనిషికి రెండు జతల లెక్కన మరుసటి చలికాలానివి కూడా అందులోనే ఉన్నాయి.