సారంగ్‌కోట్ కొండ మీద విప్పి ఉన్న ముడి

మా పురానాపూల్ బస్తీలో ఈ సంగతి ఇప్పటికే నాలుగు రకాలుగా తిరుగుతోంది. ఒకదానిలో నా భార్య పద్మ చెరువులో పడి ఈదుకుంటూ ఒడ్డుకొచ్చింది. ఇంకొకదానిలో తెల్లబట్టల మనిషి ఆకాశంలో కనిపించాడు. రెండూ జరగలేదు. ఏం జరిగిందో మొదటి నుంచి తెలిసినవాణ్ణి నేను. తప్పు చేసినవాణ్ణీ నేనే. అందుకే ఇది కాగితం మీద ఉండాలని రాస్తున్నాను.

దయ్యాలు, గాలి సోకడం లాంటివి నేను ఎన్నడూ నమ్మలేదు. శ్మశానాల పక్కన షామియానాలు వేసి, వాటి కిందే నిద్రపోయినవాణ్ణి. ఎనిమిదో తరగతితో బడి మానేసినా ఇరవై ఏళ్లుగా గ్రంథాలయంలో సభ్యుణ్ణి. తెలుగులో దొరికిన సైన్సు పుస్తకాలన్నీ చదివాను. ఏ సంగతికైనా కారణం ఉంటుందని, ఓపికగా వెతికితే దొరుకుతుందని నా నమ్మకం. ఇప్పటికీ అదే నమ్మకం, ఈ ఒక్కటి తప్ప.

నా వృత్తి టెంట్ పని. పదమూడో ఏట ఉస్తాద్ ఖాదర్ దగ్గర చేరాను. ఆయన నోటితో తిట్టేవాడు కాదు. మేము తాళ్లు కట్టి చాయ్‌కి వెళ్లగానే ప్రతి ముడీ చూసుకుంటూ వచ్చేవాడు. తప్పుగా కట్టినదాన్ని విప్పి, తాడు కొసను రెండు వేళ్ల మీద ఎనిమిది అంకెలా చుట్టి, చివర లోపలికి దోపి అక్కడే వదిలేసేవాడు. తిరిగొచ్చి ఆ చుట్ట చూస్తే కట్టినవాడికి తెలిసిపోయేది. అదే తిట్టు. నేను అలాంటివి కొన్ని వందలు చూసి ఉంటాను. రెండేళ్ల కింద ఉస్తాద్‌కు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. అప్పటి నుంచి మంచం మీదే ఉన్నాడు.

పద్మకు ఎగరాలని కోరిక. ఫోన్‌లో పారాగ్లైడింగ్ వీడియోలు, గుడ్డ రెక్క కట్టుకుని కొండ మీంచి ఎగిరేవి, చూసి చూసి, మా పెళ్లయి పాతికేళ్లు నిండిన సంవత్సరం చీర వద్దంది, నేపాల్ తీసుకుపొమ్మంది. ఆమె తమ్ముడు శేఖర్ తోడు వచ్చాడు. రైల్లో గోరఖ్‌పూర్, అక్కడి నుంచి సరిహద్దు దాటి బస్సులో పోఖరా. బస్సు కొండ మలుపుల్లో తిరుగుతుంటే శేఖర్ కిటికీ వదల్లేదు, వాంతులతో.

మొదటి రోజు ఫేవా చెరువులో పడవెక్కి, మధ్యలో ఉన్న అమ్మవారి గుడి చూశాం. నేల కిందికి దూకే జలపాతం చూశాం. సున్నపురాయిని నీళ్లు ఎలా తొలుస్తాయో చదివి ఉన్నాను కాబట్టి అక్కడి గుహలో వాళ్లిద్దరికీ విడమరిచి చెప్పాను. రాత్రి అక్కడి కొండవాళ్ల థకాలీ భోజనం తిన్నాం: ఇత్తడి పళ్లెంలో అన్నం, నల్లపప్పు, నెయ్యి, టమాటా పచ్చడి, గుంద్రుక్ అనే పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూర. పద్మకు గుంద్రుక్ మస్తు నచ్చి మళ్లీ అడిగి పెట్టించుకుంది. శేఖర్ మాత్రం ఇంటి నుంచి తెచ్చిన కారప్పొడి తీశాడు.

"కారప్పొడి తినేటందుకు ఇంత దూరం ఎందుకొచ్చినవ్‌రా?" అంది పద్మ.

మర్నాడు బుధవారం. జీపులో సారంగ్‌కోట్ కొండ ఎక్కాం. ఎదురుగా మంచు శిఖరాలు, కింద చెరువు. పద్మను తీసుకెళ్లే పైలట్ పేరు సురేశ్, నన్ను తీసుకెళ్లేది విశాల్. ఇద్దరూ హిందీలో మాట్లాడారు. శేఖర్ ఎగరనన్నాడు, ఫోటోలు తీస్తానన్నాడు.

సురేశ్ ఎగిరేటప్పుడు ఒంటికి తగిలించుకునే తన బెల్టుల కుర్చీని గడ్డి మీద పెట్టి, కాస్త దూరంగా రెక్క పరుస్తున్నాడు. పద్మ ఆ కుర్చీ పక్కనే కూర్చుంది. దానికి ఒక పట్టీ కొస వేలాడుతోంది. పక్కన ఎర్రటి పిడి ఉంది. టెంట్ పనివాడి చెయ్యి వేలాడే కొసను చూసి ఊరుకోదు. మాట్లాడుతూనే ఆ కొసను ఎర్ర పిడిలోంచి దూర్చి, పక్క బెల్టుకు మా పెద్ద ముడి వేసి బిగించాను. గాలివానకు ఆగే ముడి అది. లాగే కొద్దీ బిగుసుకుంటుంది. తర్వాత విశాల్ పిలిస్తే వెళ్లిపోయాను.

పద్మ వాళ్లు ముందు ఎగిరారు. వాళ్లది పసుపు రెక్క. కొద్దిసేపటికి మేము లేచాం. మొదటి అయిదు నిమిషాలు ఏం చెప్పను, కాళ్ల కింద ఊరంతా ఉంది. ఎండకు వేడెక్కిన గాలి మమ్మల్ని పైకి ఎత్తుతోంది. చదివినదంతా ఒంటికి తెలుస్తోంది. ఆ ఉత్సాహంలోనే విశాల్‌ను ఆ ఎర్ర పిడి ఎందుకని అడిగాను. రెక్క చెడితే దాన్ని లాగుతామని, ఎమర్జెన్సీ పారాచూట్ బయటికొస్తుందని మామూలుగా చెప్పాడు.

పద్మ ప్రాణానికి ఉన్న ఒక్క ఆధారాన్ని నా చేత్తో కట్టేసి వచ్చాను. విశాల్‌కు చెప్పాను. అతను రేడియో అందుకున్నాడు. అందుకున్నాడో లేదో, మాకు ఎడమ పక్కన పసుపు రెక్క ఒక వైపు కాగితంలా ముడుచుకుపోయి, గిర్రున తిరగడం మొదలైంది.

చూస్తూ ఉన్నాను. ఆ ముడి విడదని ఆ కొండ మీద నా ఒక్కడికే తెలుసు.

తెల్లటి పారాచూట్ తెరుచుకుంది.

వాళ్లు మెట్ల పొలాల్లో దిగారు. మేము చెరువు ఒడ్డున దిగి, జీపు పట్టుకుని వెళ్లేసరికి పద్మ గట్టు మీద కూర్చుని, ఆ పొలం గల మాయ అనే ఆమె ఇచ్చిన నీళ్లు తాగుతోంది. మడమ బెణికింది, అంతే. నన్ను చూసి, "ఏందయ్యా, గంత తెల్లగైనవ్? పడ్డది నేనా నువ్వా?" అంది.

నేను కుర్చీ దగ్గరికి వెళ్లాను. ముడి లేదు. పట్టీ కొస ఎనిమిది అంకెలా చుట్టి, చివర లోపలికి దోపి ఉంది. ఇంత జరిగినా విడిపోలేదు.

సురేశ్‌కు నా తప్పు చెప్పి, క్షమాపణ అడిగాను. అతనికి కోపం వచ్చింది, రావాల్సిందే. కానీ ముడి తాను చూడలేదన్నాడు. కుర్చీ తగిలించుకున్నాక ఎర్ర పిడిని చేత్తో తాకి చూసుకున్నానని, అది అప్పుడు స్వేచ్ఛగానే ఉందని గట్టిగా చెప్పాడు. ఆ చుట్ట తనది కాదన్నాడు. సురేశ్ వచ్చి కుర్చీ తగిలించుకునేదాకా దాని పక్క నుంచి లేవలేదని, ఇంకెవరూ దగ్గరికి రాలేదని పద్మ అంది. శేఖర్ ఫోటోల్లో ఒకదానిలో, పద్మ నవ్వుతున్నదాంట్లో, మూల నా ముడి స్పష్టంగా ఉంది. అక్కడి టైము పదకొండు పద్నాలుగు. ఎగిరిన ఫోటో పదకొండు ఇరవై రెండు. ఈ ఎనిమిది నిమిషాల్లోనే ముడి విడిపోయింది.

ఇల్లు చేరిన మర్నాడు ఉస్తాద్‌ను చూడబోయాను. మనసులో ఉన్నది ఎవరికీ చెప్పలేదు. గుమ్మంలోనే ఆయన కోడలు సబీహా ఆపింది.

"నర్సింగ్ అన్నా, మొన్న బుధవారం నీకేమన్నా అయ్యిందా?"

ఎందుకని అడిగాను.

"నల్లా నీళ్లొచ్చినయ్, బిందెలు పెడుతున్న. మామ నిద్రల నుంచి లేచి కూసున్నడు. కుడి చెయ్యి ఆడిస్తున్నడన్నా, ఆ పడిపోయిన చెయ్యి. 'నర్సింగ్ ముడి ఇప్పొచ్చిన, వాని చేతికి తొందర ఇంకా పోలే' అన్నడు. మళ్ల పండుకున్నడు. గప్పటి సంది చెయ్యి మళ్ల ఆడలే."

వాళ్ల గల్లీలో నీళ్లు సరిగ్గా పదకొండుకు వదులుతారు. అప్పటికి రెండో బిందె నిండుతోందట. నేపాల్ గడియారం మనకంటే పావుగంట ముందు. ఫోటోల్లోని ఎనిమిది నిమిషాలు మనకు పది యాభై తొమ్మిది నుంచి పదకొండు ఏడు.

లోపలికి వెళ్లి ఉస్తాద్ మంచం పక్కన కూర్చుని, ఆ ముడి మీరే విప్పారా అని అడిగాను. ఆయన నా చేతుల వైపు చూశాడు.

"నేను మంచం యాడ దిగిన బేటా," అన్నాడు. తర్వాత, "పద్మ మంచిగున్నదా?" అన్నాడు. ఎప్పుడు పోయినా అడిగేదే. మడమ బెణికిందని, అంతేనని చెప్పాను.

నాకు తోచిన కారణాలన్నీ రాసుకుని చూశాను. ఎనిమిది అంకె చుట్ట పడవలవాళ్లకూ, కొండలెక్కేవాళ్లకూ తెలుసని పుస్తకాల్లో ఉంది. సురేశ్ చెయ్యి అతనికే తెలియకుండా విప్పి ఉండొచ్చు. సబీహా రోజు పొరబడి ఉండొచ్చు. కానీ నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి కాబట్టి ముందు రోజో తర్వాత రోజో అయ్యే వీల్లేదు, బుధవారమని నేను అడగకముందే ఆమె చెప్పింది. ఒక్కొక్కటి విడిగా ఒప్పుకోగలను. అన్నీ కలిపి ఒప్పుకోలేకపోతున్నాను. నాకు తెలియదు అని రాయడం నాకు అలవాటు లేదు, కానీ ఇది నాకు తెలియదు.

నిదానం పోగొట్టుకోకుండా పారాచూట్ లాగి, తర్వాత నన్ను క్షమించిన సురేశ్‌కు, నన్ను భద్రంగా దింపిన విశాల్‌కు, నీళ్లిచ్చి మడమకు గుడ్డ కట్టిన మాయకు కృతజ్ఞతలు. ఫోటోలు చెరిపేయకుండా ఉంచిన శేఖర్‌కు, విన్నది విన్నట్టు చెప్పిన సబీహాకు, గాలి గురించీ తాళ్ల గురించీ పుస్తకాలు వెతికిపెట్టిన గ్రంథాలయం విజయమ్మ గారికి, నా తప్పును దాచకుండా రాయమన్న పద్మకు కూడా. ఉస్తాద్ ఖాదర్ మంచం దిగలేదంటాడు. ఆయనకు కూడా.