సంతకానికి ముందు చెప్పని మాట

మొన్న హైదరాబాదు వెళ్లినప్పుడు మా అమ్మాయీ అల్లుడూ నన్నొక పెద్ద హోటలుకి భోజనానికి తీసుకెళ్లారు. అక్కడ అద్దాల గోడ వెనక నిలువెత్తు రాగి పాత్రల్లో బీరు అక్కడికక్కడే కాస్తారట, అది చూడడానికే జనం వస్తారట. తలుపు తీయగానే ఉడికిన గింజల వాసన, అచ్చం మా అమ్మ చోడి అంబలి కాచేటప్పటి వాసన, ముఖాన కొట్టింది. నాకు ముద్ద దిగలేదు. వాసన పడలేదనుకుని అల్లుడు పాపం బల్ల మార్పించాడు. పడకపోవడం కాదు. ముప్పై ఏళ్ల కిందట అదే వాసన పీలుస్తూ నేనొకసారి కళ్లనీళ్లు దాచుకున్నాను.

అప్పట్లో నేను బిలాస్‌పూర్‌లో ఇంజను డ్రైవర్ల మీద ఇన్‌స్పెక్టర్ని. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి రైలు ఉద్యోగాలకి వచ్చిన కుటుంబాలు మావి, ఒకే వరస క్వార్టర్లలో సగంమంది చుట్టాలే. మా అక్కని అప్ప అనేవాళ్లం. అప్ప భర్త, మా బావ, గూడ్సు డ్రైవరు. నాకు సైకిలు నేర్పింది, మా నాన్న పోయాక నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని ఉద్యోగం పరీక్షకి చదివించింది ఆయనే.

మన కాలంవాళ్లకి తెలుసు, డ్యూటీకెక్కే ముందు డ్రైవరు షెడ్డు ఆఫీసు రిజిస్టరులో సంతకం పెట్టాలి. సంతకం పడ్డాక నోట సారా వాసన వస్తే ఉద్యోగానికే ముప్పు. పడకముందైతే, రాతలో ఎక్కడా లేకపోయినా, ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరో ఒకరు చేయి పట్టుకుని పక్కకి తీసుకెళ్లి, ఒంట్లో బాగోలేదని చెప్పి ఇంటికి పో అనేవారు. బండీ క్షేమం, సంసారమూ క్షేమం. నేనే ఎందరికి చెప్పానో లెక్కలేదు.

బావ ముందురోజు బిలాస్‌పూర్ దగ్గరి కోటా అనే ఊళ్లో తోటి డ్రైవరు ఇంట పెళ్లికి వెళ్లి, ఇప్పసారా తాగి, రాత్రి నిద్రతో అది దిగిపోయిందనుకుని ఉదయం డ్యూటీకి వచ్చాడు. నా పక్కనుంచే వెళ్లాడు. నాకు తెలిసిపోయింది. విదేశంలో శిక్షణకి పంపే నలుగురిలో నా పేరుందని సరిగ్గా ఆ వారమే చెప్పారు, పైగా పైఅధికారి ఆ గదిలోనే కూర్చుని ఉన్నాడు. చుట్టాన్ని కాచాననే మాట వస్తే నా పేరు కొట్టేస్తారని భయం. బావ కలం అందుకున్నాడు, పేజీ వెతుక్కున్నాడు, సంతకం చేశాడు. అంతసేపూ గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాను. తరవాత, తాగి డ్యూటీకి వచ్చాడని కాయితం రాసిచ్చింది కూడా నేనే. విచారణ నడిచి బావ ఉద్యోగం పోయింది. క్వార్టరు ఖాళీ చేసి, ఊళ్లోనే తోర్వా అనే పేటలో రెండు గదుల అద్దింట్లో చేరారు. నేను విమానం ఎక్కాను.

జర్మనీలో మాకు పాఠాలు చెప్పే ఇంజనీరు ఒక శనివారం మధ్యాహ్నం మమ్మల్ని ఒక చిన్న బీరు కార్ఖానాకి తీసుకెళ్లాడు. చిన్నదంటే మన షెడ్డులో పాతికోవంతు కూడా ఉండదు, మూడు తరాలుగా ఒకే కుటుంబం నడుపుతున్నది. దాని యజమాని ముసలాయన, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజలు మా దోసిట్లో పోసి నమలమన్నాడు. బీరులో వేసే చేదు పువ్వుల్ని అరచేతిలో నలిపి వాసన చూపించాడు. పొగలు కక్కే రాగి గంగాళాల్ని మనవల్ని చూపించినంత మురిపెంగా చూపించాడు. మర్యాద కోసం జీవితంలో మొదటిసారి నేనూ రెండు గుక్కలు తాగాను. చెప్పొద్దూ, వేపాకు కషాయమే నయం.

అంతలో ఆయన చెల్లెలి మొగుడు వచ్చి మా బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆయనా రైలు డ్రైవరేనట. గ్లాసు అందుకోబోతుంటే ముసలాయన చేతిమీద చిన్న దెబ్బ వేసి, తెల్లారితే నీకు డ్యూటీ లేదూ అంటూ ఆపిల్ రసం ముందు పెట్టాడు. ఆయన సణుక్కుంటూనే తాగాడు, ఆనక ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని నవ్వుకున్నారు. ఇంజనీరు ఆ మాటలు ఇంగ్లీషులో చెబితే మావాళ్లూ పడి పడి నవ్వారు. నేను గింజల బస్తాల వెనక్కి పోయి ముఖం గోడవైపు తిప్పుకున్నాను.

తిరిగొచ్చాక అప్పకి స్వెట్టరూ బావకి గడియారమూ పట్టుకుని తోర్వా వెళ్లాను. బావ అప్పటికి మస్తూరీ రోడ్డులో ఒక బియ్యం మిల్లుకి కాపలా ఉంటున్నాడు. కాళ్ల మీద పడి క్షమించమందామనే వెళ్లాను, దేవుడి సాక్షి. తీరా ఎదురుగా కూర్చునేసరికి ధైర్యం చాలక, ఆ బీరు కార్ఖానా ముచ్చటే ఏదో వేడుకలా చెప్పుకొచ్చాను, ఆపిల్ రసంతో సహా. అప్ప పొయ్యి దగ్గరనుంచి ఇవతలికి రాలేదు. బావ గడియారాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ, "అచ్ఛా... ఆ బావమరిది ముందే సెప్పీసినాడన్నమాట" అన్నాడు. అందులో కోపం లేదు. ఆ వెంటనే అప్పని కేకేసి నాకు ఇంకో గ్లాసు టీ తెమ్మన్నాడు.

ఆ తరవాత పదేళ్లు బతికాడు. చుక్క ముట్టలేదు, నన్ను పల్లెత్తు మాట అనలేదు. నేను వెళితే అప్ప ఈనాటికీ నాకిష్టమని పనసపొట్టు కూర వండి పెడుతుంది. వండకుండా నాలుగు తిట్టినా బాగుండును, నా గుండె బరువు కాస్త దిగేది.

ఇప్పుడు కాలం మారింది. డ్రైవరు గొట్టంలో ఊదితే యంత్రమే చెబుతుందట, ఎవరిమీదా పక్షపాతం లేదు, పగ లేదు అంటారు మా కుర్రాళ్లు. మంచిదే, కాదనను. అప్పట్లో ఆ యంత్రం ఉండవలసిన చోట నేను నిలబడేవాణ్ణి. యంత్రానికి నోరు లేదు. నాకు ఉండి కూడా, ఆ పూట మా బావని ఇంటికి పొమ్మనలేకపోయాను.